నిధి నిక్షేపములు: నాటి ధర్మము, నేటి చట్టము

మన సీమలో భూమి క్రయపత్రము వ్రాయునపుడు తాతముత్తాతల నాటి నుండి ఒక మాట తప్పక వచ్చుచుండెను. నిధి, నిక్షేప, జల, తరు, పాషాణ, ఆగామి, సిద్ధ, సాధ్యములనెడి అష్టభోగ తేజస్స్వామ్యములతో ఈ భూమిని మీ పరము చేసితిమనుటయే ఆ మాట. భూమిలో పూర్వమెన్నడో దాగినది నిధి. ఒకరు పాతి ఉంచినది నిక్షేపము. నీరు, చెట్టు, రాయి తెలిసినవే. ఇకముందు రాబోవు ఫలము ఆగామి. ఇప్పటికే సాగైనది సిద్ధము. ఇక సాగు చేయదగినది సాధ్యము. రాజులు అగ్రహారములిచ్చిన తామ్రశాసనములలోను ఈ అష్టభోగములే కనిపించును. కొన్నిటిలో తరువునకు బదులు అక్షీణియను మాట ఉండును.

ఈ మాటలు విన్న రైతు తన నాగలికి బిందె తగిలినచో అది తనదేయని తలచుట సహజము. ఆ తలంపులో కొంత నిజమున్నది, కొంత లేదు. ఇక పోరంబోకులో గాని, అడవికొండలో గాని, పాడుపడిన కోటలో గాని నిధికై త్రవ్వువారికి ఈ మాటలు ఏ విధముగను అండ కావు. ఉదయగిరి కొండ కనుచూపులో బ్రతుకు కొండాపురము వంటి గ్రామముల వారికి ఈ విషయము తెలిసియుండుట మేలు.

స్మృతుల మాట

నిధిని గూర్చి మన పూర్వులు మిక్కిలి ఆలోచించిరి. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము ప్రకారము, నిధి తనదియని సత్యముగా నిరూపించిన వాని నుండి రాజు ఆరవ పాలో, పండ్రెండవ పాలో గైకొని మిగిలినది వానికి విడువవలెను. తనది కానిదానిని తనదన్న వానికి వాని సొత్తులో ఎనిమిదవ వంతు దండన. రాజునకే నిధి దొరికినచో సగము బ్రాహ్మణులకు, సగము బొక్కసమునకు. విద్వాంసుడైన బ్రాహ్మణునకు దొరికినచో సర్వమును అతనిదే. యాజ్ఞవల్క్యస్మృతి ఇతరులకు దొరికిన నిధి విషయమున ఆరవ పాలు లెక్క చెప్పును. తెలుపక దాచిన వానికి నిధియు పోవును, దండనయు పడును. కౌటిల్యుని అర్థశాస్త్రమును గని, రత్నము, నిధి జాడ తెలిపిన వానికి ఆరవ పాలు చెప్పినది. తెలిపినవాడు భృత్యుడైనచో పండ్రెండవ పాలే. లక్షకు మించిన నిధి రాజునకు చెందును.

వీనిలో రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, దొరికిన వాని కులమును బట్టియు, పదవిని బట్టియు పాలు మారుచుండెను. అది సమధర్మము కాదు. రెండవది, నిధి దొరికినపుడు రాజునకు తెలుపుట విధి, దాచుట నేరము. మొదటిది కాలముతో పోయినది. రెండవది నేటికిని నిలిచియున్నది.

నెల్లూరు రైతు నాగలికి తగిలిన ముంత

చట్టము లేనినాడు ఏమి జరుగునో తెలియుటకు దూరము పోనక్కరలేదు. 1786 ప్రాంతమున నెల్లూరునకు సమీపమున ఒక రైతు రాళ్ళగుట్ట ప్రక్కన దున్నుచుండగా నాగలికి ఇటుకకట్టు అడ్డము తగిలెను. అతడు త్రవ్వి చూడగా ఒక చిన్న దేవాలయపు శిథిలమును, దాని క్రింద ఒక ముంతయు బయటపడినవి. ముంతలో బంగారు నాణెములుండెను. అవి మన రాజులవి కావు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమునకు చెందిన రోమక చక్రవర్తులవి. ఆ రైతు వానిని పాతబంగారముగా అమ్మివేసెను. చాలభాగము కంసాలి మూసలో కరగిపోయినది. వార్త తెలిసిన ఆర్కాటు నవాబు కుమారుడు అమీర్ ఉల్ ఉమరా ముప్పదికి పైగా నాణెములను తిరిగి రాబట్టగలిగెను. అప్పుడు చెన్నపట్టణమునకు గవర్నరుగా ఉండిన డేవిడ్సను వానిలో రెండింటిని ఎంచుకొనెను. ఒకటి హేడ్రియను చక్రవర్తిది, రెండవది ఫౌస్టీనా రాణిది. ట్రాజను నాణెములును అందుండెను. కొన్ని నిన్ననే టంకశాల నుండి వచ్చినట్లు నిగనిగలాడుచుండెననియు, కొన్నిటికి బెజ్జములుండుటచే అవి ఆభరణములుగా ధరింపబడి యుండుననియు డేవిడ్సను 1787లో ఒక లేఖ వ్రాసెను. ఆ లేఖ తరువాత ఏషియాటిక్ రీసెర్చెస్ అను సంపుటములలో అచ్చయినది.

ఈ కథలో మిగిలినదెంత, పోయినదెంత? రోమునకును మన తూర్పుతీరమునకును వర్తకమున్నదని చెప్పుటకు ఆ కొద్ది నాణెములు చాలినవి. కాని ముంతలో మొత్తము ఎన్ని నాణెములుండెనో తెలియదు. ఆ రైతు పేరు గాని, గ్రామము పేరు గాని, గుట్ట పేరు గాని లేఖలో లేవు. ఆ గుడి ఏ కాలమునాటిది? దాని క్రింద ముంత ఉన్నదనగా, గుడి కట్టినపుడు ఉంచిరా, తరువాత దాచిరా? ఇటుకల కొలతలు, ముంత ఆకారము, నాణెములలో అన్నిటికంటె చివరిది ఏదియను సంగతి తెలిసియున్నచో, నెల్లూరు మండలపు ప్రాచీన చరిత్రకు ఒక మూలస్తంభము దొరికియుండెడిది. కరగిపోయినది బంగారము కాదు. బంగారము మరియొక రూపున నిలిచియే యుండును. కరగిపోయినది ఆ సాక్ష్యము.

1878 నాటి చట్టము

1832లోనే చెన్నపట్టణపు ప్రభుత్వము నిధులను గూర్చి ఒక రెగ్యులేషను చేసినది. తరువాత 1878లో నిధుల చట్టము వచ్చినది. దాని పద్ధతి సులభమైనదే. పది రూపాయల విలువకు మించిన నిధి దొరికినవాడు అది ఎట్టిదో, ఎంతో, ఎచ్చట, ఏ దినమున దొరికినదో కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. నిధిని దగ్గరి ఖజానాలో ఉంచవలెను, లేదా పూచీ ఇయ్యవలెను. కలెక్టరు ప్రకటన చేసి, హక్కుదారులు రావలసిన దినమును నాలుగు నెలలకు తక్కువ కాక, ఆరు నెలలకు మించక నిర్ణయించును. ఆ దినమున ఎవరైనను వచ్చి, నూరేండ్ల లోపల తాము గాని తమ పెద్దలు గాని దాచితిమన్నచో, సివిలు కోర్టులో దానిని నిరూపించుకొనుటకు గడువు ఇచ్చును. అట్టి హక్కు తేలనిచో అది యజమాని లేని నిధి యగును. అప్పుడు, వేరు ఒప్పందము లేనిచో, నాలుగింట మూడు పాళ్ళు దొరికిన వానికి, ఒక పాలు భూస్వామికి.

దస్తావేజులోని నిధి నిక్షేపములకు చట్టమిచ్చిన విలువ ఇదియే. భూస్వామి హక్కు పూర్తిగా పోలేదు. నాలుగవ పాలుగా నిలిచినది. దొరికినవాడు పాలేరు కానిండు, కూలి కానిండు, గొఱ్ఱెల కాపరి కానిండు, కులమేదైనను అతని పాలు అతనిదే. ఈ ఒక్క విషయమున నూటయేబది సంవత్సరముల నాటి దొరల చట్టము స్మృతులకంటె సమముగా ఉన్నదని ఒప్పుకొనవలెను.

ఇంకొక సంగతి పలువురకు తెలియదు. ప్రభుత్వము నిధిని తనకు ఉంచుకొనదలచినచో, లోహపు విలువకు ఐదవ వంతు చేర్చి హక్కుదారులకు ఇయ్యవలెను. అనగా నూరు రూపాయల బంగారమునకు నూటయిరువది. దొంగతనముగా కొను వర్తకుడు ఇంత ఇచ్చునా? తెలుపక దాచినచో మాత్రము దొరికినవాని పాలు ప్రభుత్వపరమగును. ఒక సంవత్సరము వరకు ఖైదు గాని, జుల్మానా గాని, రెండును గాని పడవచ్చును. దాచుటకు తోడ్పడిన భూస్వామికిని ఆరు నెలల వరకు ఖైదు కలదు.

ఈ చట్టము వచ్చిన పదునొకండేండ్లకు, 1889లో, వినుకొండ వద్ద 15 రోమక బంగారు నాణెములు దొరికినవి. తిబెరియసు కాలము మొదలు కారకల్లా కాలము వరకు ఏ చక్రవర్తివి ఎన్నియో లెక్క నిలిచినది. కారకల్లా పాలనము క్రీ.శ. 217తో ముగిసినది. కాన ఆ నాణెములను పాతినది అంతకు మిక్కిలి పూర్వము కాజాలదని చెప్పగలము. నెల్లూరు ముంతను గూర్చి ఇట్టి మాట చెప్పలేము. లెక్క ఉండుటకు, లేకుండుటకు ఇంత భేదము.

దొరకుట వేరు, వెదకుట వేరు

దున్నునపుడో, బావి త్రవ్వునపుడో దైవికముగా దొరికిన దానిని గూర్చినది పై చట్టము. నిధికొఱకే పురాతన స్థలములను త్రవ్వుటను ఆపునవి వేరు చట్టములు. 1904లో ప్రాచీన కట్టడముల రక్షణ చట్టము వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1958లో కేంద్రచట్టము, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టము వచ్చినవి. రక్షిత స్థలములో అనుమతి లేక గునపము దింపరాదు. 2010లో కేంద్రచట్టమును సవరించి, రక్షిత కట్టడము చుట్టును 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రదేశమనియు, దాని వెలుపల మరి 200 మీటర్లు నియంత్రిత ప్రదేశమనియు నిర్ణయించిరి. కట్టడమును చెరచిన వానికి శిక్షను రెండు సంవత్సరముల ఖైదు, లక్ష రూపాయల జుల్మానా వరకు పెంచిరి. రిజర్వు అడవులలో త్రవ్వుటను 1967 నాటి అటవీచట్టము నిషేధించుచున్నది. 1972లో చేయబడి 1976 ఏప్రిలు 5 నుండి అమలైన పురావస్తువుల చట్టము ప్రకారము, నూరేండ్లు నిండిన విగ్రహము, నాణెము, శాసనము మొదలగునవి పురావస్తువులు. వ్రాతప్రతులకు డెబ్బదియైదేండ్లే చాలును. వీని వ్యాపారమునకు లైసెన్సు కావలెను. ప్రైవేటు వ్యక్తులు విదేశములకు పంపరాదు.

ఇప్పుడు గునపమునకు తోడు యంత్రము వచ్చినది. లోహమును పసిగట్టు మెటల్ డిటెక్టరు పుట్టినది నిధికై కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు శరీరములో చిక్కిన తూటాను కనుగొనుటకు టెలిఫోను నిర్మాత గ్రాహంబెల్లు ఇట్టి సాధనమును ప్రయోగించి విఫలుడయ్యెను. రెండవ ప్రపంచయుద్ధములో భూమిలో పాతిన మందుపాతరలను వెదకుటకు అది వృద్ధి పొందినది. యుద్ధానంతరము వేడుకకై నాణెములు వెదకువారి చేతికి చిక్కినది. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహింపగా ఏర్పడు అయస్కాంత క్షేత్రము భూమిలోని లోహమునకు తగిలి మారుటచే యంత్రము కూయును. బంగారమునకు కూయును, చీలకును కూయును, విరిగిన కఱ్ఱునకును కూయును. చేత పట్టుకొని తిరుగు సామాన్యయంత్రము పసిగట్టునది పై పై పొరనే. కాని కూత విన్నవాడు గోయి త్రవ్వక మానడు. గోయిలోని పొరలు కలసిపోయిన తరువాత వానిని మరల పేర్చుట ఎవరి తరమును కాదు.

కావుననే ఇతర దేశములును కట్టుదిట్టములు చేసినవి. ఇంగ్లండులో 1979 చట్టము రక్షిత స్థలములలో వ్రాతపూర్వకమైన అనుమతి లేక ఈ యంత్రమును వాడుట నేరమన్నది. ఐర్లండు 1987లోను, ఫ్రాన్సు 1989లోను పురావస్తువులకై దీనిని వాడుటకు అనుమతి కావలెనన్నవి. అమెరికా జాతీయోద్యానములలో యంత్రమును వెంట ఉంచుకొనుటయే నిషిద్ధము. ధనికదేశముల వారికిని భూమిలోని చరిత్ర ఇంత విలువైనదైనపుడు, మనకు కాకపోవునా?

ఉదయగిరి చెప్పు పాఠము

కృష్ణదేవరాయలు 1513లో ఉదయగిరిని ముట్టడించి, దీర్ఘకాలము పోరాడి, 1514లో గజపతి సేనల నుండి దుర్గమును గెలుచుకొనెను. ఇచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు కొనిపోయి, ఆలయము కట్టించి, 1515లో ప్రతిష్ఠించెను. ఆ విగ్రహము ఉదయగిరిదని నేడెట్లు తెలిసినది? హంపిలోని కృష్ణాలయ శాసనము చెప్పుటచేతనే. రాయి మీది అక్షరము లేనిచో అది ఎచ్చటిదో ఎవరు చెప్పగలరు?

అట్టి రాళ్ళకే నేడు నిధివేటగాండ్ర వలన అపాయము. శాసనపు రాతిపై సూర్యచంద్రులు కనిపించినచో అది నిధి గుర్తు అని వారు నమ్ముదురు. నిజమునకు అది ఈ దానము ఆచంద్రార్కము నిలుచుగాక అనుటకు చెక్కిన గుర్తు. కత్తి పట్టిన బొమ్మ నిధికి కాపలా కాదు. గ్రామమును గాని ఆలమందను గాని కాచుచు మడిసిన వీరుని స్మారకము. నాగశిల సంతానము కోరి ప్రతిష్ఠించినది. వీని క్రింద త్రవ్వువానికి మట్టి దొరకును. గ్రామమునకు శాశ్వతముగా ఒక పూర్వికుని పేరు పోవును. నెల్లూరు మండల శాసనములను బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టి గార్లు సేకరించి 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. ఆ సంపుటములలో ఉదయగిరి తాలూకా శాసనములును కలవు. ఆ రాళ్ళలో ఏది యథాస్థానమున ఉన్నదో, ఏది పోయినదో పరిశీలించుట ఆయా గ్రామముల వారి పని.

నిధి ఆశకు చదువుకొన్నవారును, ప్రభుత్వములును లోబడిన సందర్భములు కలవు. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశములోని ఉన్నావ్ జిల్లా దౌండియాఖేడాలో, వేయి టన్నుల బంగారమున్నదని ఒక సాధువు కలగనినట్లు చెప్పగా దేశమంతయు అటు చూచినది. త్రవ్వకములలో దొరికినవి కుండపెంకులు, గాజుముక్కలు, ఇనుపమేకుల వంటివే. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలము చెన్నంపల్లి కోటలో ప్రభుత్వానుమతితోనే నిధికై త్రవ్వకములు సాగినవి. ఎముకలు, ఇటుకలు బయటపడినవి గాని నిధి దొరకలేదు. కోటకు మాత్రము గోతులు మిగిలినవి.

చేయవలసినది

పూర్వము గ్రామములో నిధి వార్తను పై అధికారులకు చేర్చువారు కరణము, మునసబు. 1984లో ఆ పదవులు రద్దయినవి. నేడు గ్రామ రెవెన్యూ అధికారికి గాని, తహసీల్దారునకు గాని, పోలీసు ఠాణాకు గాని తెలుపవచ్చును. పొలములో ఏదైన కనిపించినచో మరి త్రవ్వక ఆపవలెను. తోమరాదు, చింతపండుతో కడుగరాదు, ముక్క కొట్టి కంసాలికి చూపరాదు. ఎంత లోతున, ఏ దిక్కున, దేనితో కలసి ఉన్నదో ఆ దినమే వ్రాసికొనవలెను. తెలిపినవానికి చట్టము పాలిచ్చును. దాచినవానికి ఉన్న పాలును పోవును.

ఈ రజతోత్సవ సమయమున గ్రంథాలయములు చేయదగిన పని ఒకటి కలదు. చుట్టుప్రక్కల గ్రామములలోని శాసనశిలలు, వీరగల్లులు, పాడుగుళ్ళు ఎచ్చట ఏ స్థితిలో ఉన్నవో ఒక పుస్తకములో ఎక్కించి, ఏటేట సరిచూచుట. గ్రంథాలయపు పుస్తకములో ఒక పుట చింపినవానిని ఎవరును క్షమింపరు; ఆ పుస్తకమునకు మరియొక ప్రతియైనను దొరకవచ్చును. కొండమీది కోటకు, పొలములోని శాసనమునకు రెండవ ప్రతి లేదు. నెల్లూరు రైతు పేరు చరిత్రకు దక్కలేదు. ఇకముందు ఈ సీమలో ఏ రైతు నాగలికి ఏమి తగిలినను, ఆ వస్తువుతోపాటు ఆ రైతు పేరును, ఆ చేని పేరును ఆ పుస్తకములో నిలుచుగాక.