అనంతగిరి కొండలు: విశాఖ తీరానికి పెట్టని కోట

విశాఖ సాగరతీరం నుంచి పడమటి దిక్కుకు చూస్తే ఆకాశపు అంచున నీలిరంగు గీతలా కనిపించేవి తూర్పు కనుమలు. ఎస్.కోట దాటి కాశీపట్నం చేరేసరికి ఆ గీత పచ్చని గోడగా మారుతుంది. అక్కడి నుంచి మెలికలు తిరిగే ఘాట్ రోడ్డు టైడా, అనంతగిరి, సుంకరిమెట్ట మీదుగా అరకులోయకు చేరుతుంది. పర్యాటకులకు ఇది రెండు రోజుల విహారయాత్ర. మైదాన ప్రాంత రైతుకు, విశాఖ నగరవాసికి మాత్రం ఈ కొండలే నీటి తొట్టి. గిరిజనులకు ఇవే ఇల్లు, పొలం, దైవం. కోట్ల ఏళ్ల నాటి ఈ పర్వతశ్రేణి భౌగోళిక స్వరూపం, చరిత్ర, వర్తమానం ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నాయి.

భౌగోళిక స్వరూపం

తూర్పు కనుమలు పడమటి కనుమల వలె అవిచ్ఛిన్నంగా సాగవు. మహానది, గోదావరి, కృష్ణా, పెన్నా నదులు వాటిని ముక్కలుగా కోసుకుంటూ బంగాళాఖాతంలో కలుస్తాయి. ఒడిశాలోని మహానదికి, మన గోదావరికి మధ్యనున్న భాగమే ఈ శ్రేణిలో అత్యంత ఎత్తయినది, దట్టమైనది. అనంతగిరి, అరకు, పాడేరు, మాడుగుల, చింతపల్లి కొండలు ఈ భాగంలోనివే. రాష్ట్రంలోని ఎత్తయిన శిఖరాల్లో ఒకటైన అర్మకొండ సుమారు 1680 మీటర్ల ఎత్తు ఉంటుంది. ఘాట్ రోడ్డు ప్రయాణికులు ఆగి చూసే గాలికొండ ఎత్తు 1600 మీటర్లకు పైమాటే. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది.

సముద్రతీరానికి ఇంత చేరువలో ఇంత ఎత్తు ఉండటమే ఈ ప్రాంతపు ప్రత్యేకత. సముద్రం మీదుగా వచ్చే తేమగాలులను కొండలు అడ్డగించి పైకి నెట్టడంతో అవి చల్లబడి వర్షిస్తాయి. నైరుతి రుతుపవనాలతో పాటు అక్టోబరు, నవంబరు నెలల వాయుగుండాలు కూడా ఇక్కడ వాన కురిపిస్తాయి. శీతకాలంలో పొగమంచు లోయలను కప్పివేస్తుంది. చింతపల్లి మండలంలోని లంబసింగి చలికి రాష్ట్రమంతటా పేరు పొందింది.

శిలల కథ

ఈ కొండలు వంద కోట్ల ఏళ్లకు పైబడిన వయసు గలవి. వీటిలో ప్రధానమైన శిలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఖొండలైట్. ఈ కొండల్లో నివసించే కోండు గిరిజనుల పేరు మీదుగానే ఆ పేరు వచ్చింది. ప్రపంచ భూగర్భశాస్త్ర గ్రంథాల్లో ఒక గిరిజన తెగ పేరు ఈ విధంగా నిలిచిపోయింది. ఖొండలైట్‌తో పాటు చార్నొకైట్ శిలలు, అక్కడక్కడ సున్నపురాతి పొరలు కూడా ఉన్నాయి.

ఆ సున్నపురాతి పొరల్లోనే బొర్రా గుహలు ఏర్పడ్డాయి. మట్టిలోంచి ఇంకే వాననీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు లక్షల సంవత్సరాల పాటు సున్నపురాతిని కరిగించి గుహను తొలిచింది. కరిగిన సున్నం పైకప్పు నుంచి బొట్టుబొట్టుగా జారి పేరుకున్నచోట వేలాడే ఆకృతులు, నేలమీద లింగాకారాలు తయారయ్యాయి. గిరిజనులు వాటిలో శివలింగాన్ని దర్శించి పూజిస్తున్నారు. మేతకు వెళ్లిన ఆవు గుహ పైభాగంలోని రంధ్రం నుంచి లోపల పడగా దానిని వెతుకుతూ వెళ్లిన కాపరికి శివలింగం కనిపించిందని స్థానిక కథనం. ఆ గోవు పొదుగు నుంచి పుట్టినదే గోస్తనీ నది అని చెబుతారు.

నదుల పుట్టిల్లు

గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల పక్కగా ప్రవహించి, కటికి జలపాతమై దూకి, మైదానంలోకి దిగి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. దీనిపై నిర్మించిన తాటిపూడి జలాశయం సాగునీటితో పాటు విశాఖ నగరానికి తాగునీటిని కూడా అందిస్తున్నది. శారదా నది కూడా ఈ కొండల బిడ్డే. దానిపై దేవరాపల్లి వద్ద నిర్మించిన రైవాడ జలాశయం నుంచి కూడా నగరానికి నీరు చేరుతుంది. అంటే విశాఖలో కుళాయి తిప్పినప్పుడు వచ్చే నీటిలో ఈ కొండల ఊటల వాటా ఉన్నదన్నమాట.

శ్రేణికి పడమటి వైపు కథ మరో విధంగా ఉంటుంది. అక్కడి గెడ్డలు సముద్రానికి వెన్నుచూపి లోపలికి ప్రవహిస్తాయి. మాడుగుల కొండల్లో పుట్టిన నీరు మత్స్యగెడ్డగా సాగి మాచ్‌ఖండ్ అవుతుంది. డుడుమ జలపాతం దాటాక సీలేరుగా పేరు మార్చుకొని శబరిలో, ఆపై గోదావరిలో కలుస్తుంది. ఈ నీటి దూకుడును ఆధారం చేసుకొని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ఉత్పత్తి ప్రారంభించింది. ఇది ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు. తరువాతి కాలంలో సీలేరుపై ఎగువ, దిగువ కేంద్రాలు వెలిశాయి. విద్యుత్తు మైదానాలకు తరలిపోగా, ప్రాజెక్టుల కింద భూములు కోల్పోయిన గిరిజన కుటుంబాల సమస్య మాత్రం తరాల పాటు కొనసాగింది.

జనజీవనం

బగత, కొండదొర, వాల్మీకి, కోండు, పోర్జా, గదబ, కోటియా తదితర తెగలు ఈ కొండల్లో నివసిస్తున్నాయి. తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా, కువి, గదబ, పోర్జా భాషలు వినిపిస్తాయి. పల్లపు భూముల్లో వరి, వాలుల్లో చోళ్లు, సామలు, వలిసెలు పండిస్తారు. వర్షాకాలం ముగిశాక వలిసె పూలు విరబూసి లోయ అంతా పసుపు రంగు పులుముకుంటుంది. పాడేరు పసుపు, చింతపల్లి రాజ్‌మా సంతలకు పేరు తెచ్చాయి. చింతపండు, అడ్డాకులు, కరక్కాయలు, కొండచీపుళ్ల వంటి అటవీ ఉత్పత్తుల కొనుగోలుకు 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. వారపు సంత ఇక్కడ కేవలం బజారు కాదు. కొండ దిగివచ్చిన బంధువులు కలుసుకునే చోటు, పెళ్లి మాటలు నడిచే చోటు కూడా. పండుగ వేళల్లో మహిళలు భుజాలు కలిపి ఆడే ధింసా నృత్యం అరకు గుర్తుగా మారింది.

చరిత్ర పుటల్లో

ఈ ప్రాంతం చాలాకాలం నందపురం, జయపురం రాజుల ఏలుబడిలోను, మాడుగుల, పాచిపెంట వంటి జమీందారీల పరిధిలోను ఉండేది. గ్రామాల సముదాయాలైన ముఠాలకు ముఠాదారులు పెద్దలుగా ఉండి పన్నులు వసూలు చేసేవారు. మైదానపు చట్టాలు కొండలకు సరిపడవని గ్రహించిన ఆంగ్ల పాలకులు 1839లో ప్రత్యేక చట్టం చేసి ఇక్కడి పాలనను కలెక్టరుకు ఏజెంటు హోదాలో అప్పగించారు. ఏజెన్సీ అనే మాట ఆనాటిదే. ముఠాదారీ పద్ధతి 1969లో రద్దయింది.

మద్రాసు అటవీ చట్టం 1882లో రావడంతో పోడు వ్యవసాయంపై, వంటచెరకుపై ఆంక్షలు మొదలయ్యాయి. నర్సీపట్నం, చింతపల్లి మధ్య రోడ్డు నిర్మాణంలో గిరిజనులతో చాలీచాలని కూలికి చేయించిన వెట్టి ఆగ్రహాన్ని రగిల్చింది. ఆ ఆగ్రహానికి నాయకత్వం వహించినవాడే అల్లూరి సీతారామరాజు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడిచేసి ఆయుధాలను స్వాధీనం చేసుకున్నారు. కొండదారులు, గెడ్డలు, గుహలు తెలిసిన గాము సోదరుల వంటి స్థానికులే ఆ పోరాటానికి బలం. 1924 మే 7న కొయ్యూరు వద్ద సీతారామరాజును కాల్చిచంపడంతో పోరాటానికి తెరపడింది. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు.

కొండను తొలిచిన రైలు

బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు, అక్కడి నుంచి జపానుకు తరలించే నిమిత్తం 1960లలో కొత్తవలస, కిరండూల్ రైలు మార్గాన్ని నిర్మించారు. శివలింగపురం దాటాక మార్గం కొండపైకి ఎగబాకుతుంది. ఒక సొరంగం ముగిసేలోపే మరొకటి ఎదురవుతుంది. మొత్తం 58 సొరంగాలు ఉన్నాయి. 996 మీటర్ల ఎత్తునున్న శిమిలిగుడ ఒకప్పుడు దేశంలోనే అత్యంత ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా పేరుపొందింది. ఖనిజం కోసం వేసిన మార్గమే తరువాత పర్యాటకానికి దారిచూపింది. 2017లో అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ బోగీ ప్రవేశపెట్టారు. వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడి రాకపోకలు నిలిచిపోవడం ఈ మార్గంలో తరచు ఎదురయ్యే ఇబ్బంది.

కాఫీ తెచ్చిన మార్పు

ఆంగ్లేయుల కాలంలో మొదలైన కాఫీ సాగు స్వాతంత్ర్యానంతరం అటవీశాఖ తోటలతో విస్తరించింది. పోడుకు ప్రత్యామ్నాయంగా గిరిజన రైతులకు సొంత తోటలు వేయించడంతో పరిస్థితి మారింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, అదే చెట్టుకు పాకించిన మిరియపు తీగ. ఈ రెండు పంటలతో కొండవాలుపై మట్టి నిలిచింది, ఇంట్లో నగదు కనిపించింది. నేడు లక్ష ఎకరాలకు పైబడి కాఫీ సాగవుతున్నది. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. 2014 అక్టోబరు 12న విరుచుకుపడిన హుద్‌హుద్ తుపాను నీడచెట్లను కూల్చివేసి తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. నీడచెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది గనుక ఆ నష్టం ఒక్క పంటతో తీరలేదు. 2025లో కాయతొలుచు పురుగు కనిపించడం రైతులకు కొత్త కలవరం.

బాక్సైట్ వివాదం, సమత తీర్పు

వేడి, వర్షాల ధాటికి ఖొండలైట్ శిల కోట్ల ఏళ్లుగా శిథిలమై, ఇసుక ధాతువు కొట్టుకుపోయి, అల్యూమినియం సమృద్ధిగా మిగిలిన పొరే బాక్సైట్. గాలికొండ, రక్తకొండ, చిత్తమగొంది, జెర్రెల, సప్పర్ల వంటి కొండల నెత్తిన ఇది టోపీలా పరచుకొని ఉన్నది. గుల్లగా ఉండే ఈ పొర వాననీటిని పీల్చుకొని ఎండాకాలమంతా ఊటలుగా విడుదల చేస్తుందని, దానిని తవ్వితే ఊటలు ఎండిపోతాయని పర్యావరణవేత్తల వాదన. పరిశ్రమ వస్తే ఉద్యోగాలు, ఆదాయం వస్తాయన్నది తవ్వకాలను కోరేవారి వాదన.

అనంతగిరి మండలంలోని బొర్రా పరిసర గ్రామాల్లో గిరిజనేతరులకు ఇచ్చిన గనుల లీజులపై సమత అనే స్వచ్ఛంద సంస్థ న్యాయపోరాటం చేసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వడం చెల్లదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గిరిజనుల నుంచి గిరిజనేతరులకు భూబదలాయింపును నిషేధించిన 1/70 చట్టానికి ఈ తీర్పు విస్తృతార్థం కల్పించింది. దేశంలోని ఇతర గిరిజన ప్రాంతాల వివాదాల్లోనూ దీనిని ఉదాహరిస్తున్నారు. జెర్రెలలో 1212 హెక్టార్ల అటవీ భూమి మళ్లింపునకు 2015 నవంబరులో 97వ నంబరు ఉత్తర్వు వెలువడగా ఏజెన్సీ అంతటా నిరసనలు చెలరేగాయి. 2019లో ఆ ఉత్తర్వు రద్దయింది. 2022లో పెదకోట, రైవాడ తదితర చోట్ల పంప్డ్ స్టోరేజీ జలవిద్యుత్ ప్రాజెక్టులకు రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం తెలపడంతో గ్రామసభల సమ్మతి ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది.

చేరుకునే మార్గం

విశాఖ నుంచి బొర్రా గుహలు సుమారు 90 కిలోమీటర్లు, అరకులోయ సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట మీదుగా బస్సులు, ఉదయం విశాఖ నుంచి బయలుదేరే కిరండూల్ రైలు అందుబాటులో ఉన్నాయి. అరకులో గిరిజన మ్యూజియం, రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు కూరగాయల కోసం ఏర్పాటైన పద్మాపురం ఉద్యానవనం, డుంబ్రిగుడ సమీపంలోని చాపరాయి జలవిహారం చూడదగినవి. వర్షాలు వెనుదిరిగిన తరువాత అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు సందర్శనకు అనువైన కాలం.

సందర్శకుల రద్దీతో పాటే ప్లాస్టిక్ చెత్త గెడ్డల్లోకి చేరుతున్నది. కొండపై పారవేసిన సీసా వానకు కొట్టుకొని గోస్తనీలోకి, అక్కడి నుంచి తాటిపూడిలోకి రాగలదు. కొండకు, తీరానికి ఉన్న బంధం అంత దగ్గరిది. ఊట నిలిస్తేనే లోయ పచ్చగా ఉంటుంది, లోయ పచ్చగా ఉంటేనే దిగువన నగరం దాహం తీరుతుంది.