గ్యారేజీ దాకా వచ్చిన సాక్షి

1998 నవంబరు 18, బుధవారం. కెనడాలోని సర్రీలో నవంబరంటే నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. వాన లేని రోజున కూడా గాలి తడితడిగానే తగులుతుంది. ఆ చీకట్లో ఒక కారు ఇంటి గ్యారేజీలోకి మెల్లగా దూరింది. ఇంజన్ ఆగింది.

లోపలున్నాయన చటుక్కున దిగలేడు. పదేళ్ళ కిందట ఒంట్లోకి దిగిన తూటా ఆయన్ని నడుం కింద నుంచి చచ్చుబడేలా చేసింది. తలుపు తెరిచి, చక్రాల కుర్చీని దగ్గరికి లాక్కుని, రెండు చేతుల మీద ఒంటి బరువంతా మోపి, సీట్లోంచి కుర్చీలోకి మారేదాకా, ఎంత అలవాటైన పనే అయినా, ఎంత తొందరపడినా, ఆ కాసేపు ఆయన పరిగెత్తలేడు, చెయ్యి అడ్డం పెట్టుకోలేడు, వెనక అడుగుల చప్పుడైతే గబుక్కున తిరిగి చూడనూ లేడు. రోజూ చేసే పనే. ఆ సంగతి ఇంకెవరికో కూడా తెలుసు.

తూటాలు పేలాయి. తారాసింగ్ హేయర్ ఆ గ్యారేజీలోనే ప్రాణం వదిలాడు. అప్పటికి అరవై రెండేళ్ళు. 'ఇండో-కెనడియన్ టైమ్స్' అనే పంజాబీ వారపత్రికకి ఆయనే స్థాపకుడు, ఆయనే సంపాదకుడు.

పోలీసులు వచ్చారు. ఇది ఏ దిక్కూ తెలియని కేసు కాదు. బెదిరింపులు ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నాయి. ఇంటికి నిఘా కెమెరా కూడా ఉంది. పెట్టించింది వేరెవరో కాదు, కెనడా పోలీసు దళం ఆర్సీఎంపీయే. టేపు చూస్తే వచ్చిందెవరో, ఎటు పారిపోయారో తేలిపోవాలి.

కెమెరా ఆ రాత్రి పనిచెయ్యలేదు.

ఎవరు చంపారు అన్న ప్రశ్నకంటే ముందు, ఎందుకు చంపారు అన్నది చూడాలి. దానికి పదమూడేళ్ళు వెనక్కి, సర్రీకి పక్కనే ఉన్న వాంకూవర్ విమానాశ్రయానికి వెళ్ళాలి.

1985 జూన్ 22, శనివారం. కెనడియన్ పసిఫిక్ కౌంటర్ ముందు క్యూ పెరిగిపోతోంది. ఒక ప్రయాణికుడు మాత్రం కదలడం లేదు. టికెట్ మీద పేరు ఎం. సింగ్. టొరంటో దాకా సీటు ఖాయం. అక్కణ్ణుంచి ఎయిరిండియాలో ఢిల్లీకి ఇంకా వెయిటింగ్ లిస్టే. అయినా సూట్‌కేసుకి ఢిల్లీ దాకా ట్యాగ్ వెయ్యాల్సిందేనని పట్టుబట్టాడు. కౌంటర్లో ఉన్నామె కుదరదంది. అతను వినలేదు. వెనక జనం విసుక్కుంటున్నారు. చివరికి ఆమె ట్యాగ్ వేసేసింది. సూట్‌కేసు విమానం ఎక్కింది.

మనిషి ఎక్కలేదు.

మర్నాడు పొద్దున ఐర్లాండ్ తీరం దగ్గర, 31,000 అడుగుల ఎత్తులో, ఎయిరిండియా 182వ నంబరు విమానం 'కనిష్క' రాడార్ మీద నుంచి మాయమైంది. 329 మంది. అంతకు గంట లోపే టోక్యో దగ్గరి నరిటా విమానాశ్రయంలో ఇంకో సూట్‌కేసు పేలి, సామాన్లు దించుతున్న ఇద్దరు జపాన్ కార్మికులు చనిపోయారు. అదీ వాంకూవర్ నుంచి బయల్దేరిందే. దానిది కూడా ఎయిరిండియా విమానానికి చేరాల్సిన దారే.

ఆ 329 మందిలో మనవారూ ఒకరున్నారు. తెనాలి దగ్గర ఎలవర్రులో పుట్టి, మద్రాసులోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థని నిలబెట్టి, సీఎస్ఐఆర్‌కి డైరెక్టర్ జనరల్‌గా, జేఎన్‌యూకి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ. చర్మకారుల బతుకుల్ని సైన్సు దగ్గరికి తీసుకెళ్ళిన ఆ శాస్త్రవేత్త కెనడా నుంచి ఇంటికి బయల్దేరారు. సముద్రం తిరిగి ఇచ్చిన మృతదేహాలు 131 మాత్రమే.

అదే సంవత్సరం. లండన్ శివారు సౌత్‌హాల్. 'దేస్ పర్దేస్' అనే పంజాబీ పత్రిక ఆఫీసు. సంపాదకుడు తర్సేమ్ సింగ్ పురేవాల్. ఆ రోజు అక్కడికి సర్రీ నుంచి వచ్చిన హేయర్ కూడా ఉన్నాడు. కెనడా నుంచే వచ్చిన అజాయబ్ సింగ్ బాగ్రీ అనే, సిక్కులకి వేరే దేశం కోరే ఖలిస్తాన్ ఉద్యమ నాయకుడు పురేవాల్‌తో మాట్లాడుతున్నాడు. హేయర్ తర్వాత చెప్పినదాని ప్రకారం, విమానం బాంబులో తన చెయ్యి ఉందని బాగ్రీ ఒప్పుకున్న మాట ఆ గదిలో ఆయన చెవిన పడింది.

వినడం ఒక ఎత్తు. విన్నాక ఊరుకోకపోవడం ఇంకో ఎత్తు. హేయర్ ఊరుకునే మనిషి కాదు. తీవ్రవాదుల మీద తన పత్రికలో వారం వారం రాస్తూనే వచ్చాడు. 1986 జనవరిలో ఆయన ఆఫీసు దగ్గర బాంబు దొరికింది. పేలలేదు. 1988 ఆగస్టు 26న ఒక యువకుడు సర్రీలోని ఆఫీసులోకి నేరుగా నడిచొచ్చి ఆయన మీద కాల్పులు జరిపాడు. ప్రాణం దక్కింది. కాళ్ళు దక్కలేదు. కాల్చినవాడు నేరం ఒప్పుకుని జైలుకెళ్ళాడు. అతన్ని పంపిందెవరు?

హేయర్ చక్రాల కుర్చీలో ఆఫీసుకి తిరిగొచ్చాడు. పత్రిక ఆగలేదు.

1995 జనవరి 24. సౌత్‌హాల్లో ఆఫీసు మూసి బయటికొచ్చిన పురేవాల్‌ని ఎవరో కాల్చి చంపారు. ఆ మాట విన్న ఇద్దరిలో ఒకడు పోయాడు. ఆ హత్య కూడా ఇవాళ్టికీ తేలలేదు. రెండోవాడికి దాక్కునేందుకు అంతకన్నా మంచి కారణం ఇంకేం కావాలి? అదే ఏడాది అక్టోబరులో హేయర్ ఆర్సీఎంపీ అధికారుల ముందు కూర్చున్నాడు. సౌత్‌హాల్ గదిలో విన్నదంతా చెప్పాడు. వాంగ్మూలం ఇచ్చాడు. కోర్టుకొచ్చి చెప్పడానికీ సిద్ధమే అన్నాడు.

అక్కణ్ణుంచి గ్యారేజీకి మూడేళ్ళు.

హేయర్ హత్య దర్యాప్తుకి పోలీసులు 'ప్రాజెక్ట్ ఎక్స్‌పెడియో' అని పేరు పెట్టారు. మొదట్లో ఇలాంటి కేసులో మనుషులుంటారు, బడ్జెట్ ఉంటుంది, టీవీ కెమెరాలుంటాయి. నెలలు గడుస్తాయి. కొత్త హత్యలొస్తాయి. బృందంలోవాళ్ళు బదిలీ అవుతారు, రిటైరవుతారు. ఒకరోజు ఆ ఫైలు అప్పటిదాకా ఆ పేరే వినని ఒక అధికారి బల్ల మీదకొస్తుంది. 

ఆ అధికారి పని సినిమాల్లోలా ఉండదు. ముందు చదవాలి. ఆ రాత్రి గ్యారేజీలోకి మొదట అడుగుపెట్టిన పోలీసు నోట్‌బుక్ దగ్గర్నుంచి చివరి ల్యాబ్ రిపోర్టు దాకా. పోలీసులు ఎవరితో మాట్లాడారో చూడాలి. ఎవరితో మాట్లాడలేదో అంతకన్నా ముఖ్యంగా చూడాలి. దాచిపెట్టిన వస్తువుల సంచీలు ఎవరెవరి చేతులు మారాయో సంతకం సంతకం సరిచూడాలి. ఒక్క సంతకం తప్పినా కోర్టులో డిఫెన్స్ లాయర్ దాన్నే పట్టుకుంటాడు. అప్పట్లో డీఎన్ఏ తీయడానికి చాలనంత చిన్న మరక, ఇప్పుడు చాలొచ్చు. తూటా గీతల్ని ఇంకో కేసులో దొరికిన తుపాకీతో పోల్చి చూడొచ్చు. హంతకుడికి మాత్రమే తెలిసిన ఒకటి రెండు వివరాల్ని పోలీసులు కావాలనే బయటపెట్టరు. రేపు ఎవరైనా వచ్చి నేనే చేశానన్నా, ఫలానావాడు చేశాడన్నా, నిజమో కోతో తేల్చేది ఆ వివరాలే. బయటివాళ్ళకి ఈ కేసు గురించి తెలిసింది తక్కువగా ఉండటానికి అదీ ఒక కారణం.

పాత కేసు పోలీసుకి అసలు చుట్టం కాలమే. ఆ రోజుల్లో ఒకే కంచంలో తిన్న స్నేహితులు డబ్బు దగ్గర విడిపోతారు. అప్పుడు నోరు మెదపని భార్య విడాకులు తీసుకుంటుంది. వేరే నేరంలో జైలుకెళ్ళినవాడు శిక్ష తగ్గించుకోవడానికి పాత గుట్టు అమ్మజూపుతాడు. ముసలితనంలో ఒకడికి దేవుడు గుర్తొస్తాడు. అధికారి చేతిలో అలాంటి పేర్ల జాబితా ఒకటి ఉంటుంది. ఏడాదికోసారో, రెండేళ్ళకోసారో వెళ్ళి తలుపు తడతాడు. ఏ తలుపు తెరుచుకుంటుంది?

హేయర్ కేసులో చిక్కేమిటంటే, శత్రువులు లేక కాదు, మరీ ఎక్కువై. విమానం కేసులో ఆయన సాక్షి. అదొక్కటే కాదు. 1998 ఏప్రిల్‌లో గురుద్వారాల్లో అందరికీ భోజనం పెట్టే లంగరులో బల్లలూ కుర్చీలూ వాడకూడదు, నేల మీద కూర్చునే తినాలని అమృత్‌సర్‌లోని సిక్కుల మతపీఠం అకాల్ తఖ్త్ నుంచి ఆదేశం వచ్చింది. సర్రీ సిక్కులు రెండుగా చీలిపోయారు. హేయర్ బల్లల పక్షం. రాతలు మరింత ఘాటెక్కాయి. ఇలాంటప్పుడు దర్యాప్తు అధికారి ఒక కారణాన్నే పట్టుకుని వేలాడితే మిగతా దారులన్నీ మూసుకుపోతాయి. అన్నిటి వెనకా పడితే ఏదీ చివరిదాకా పోదు.

ఇంకో గోడ ఉంది. భాష. విమానం పేలకముందే కెనడా గూఢచారి సంస్థ సీసిస్ అనుమానితుల ఫోన్లు వింటూ ఉండేది. మాటలన్నీ పంజాబీలో. అర్థం చెప్పేవాళ్ళు చాలక టేపులు పేరుకుపోయాయి. ఆ తర్వాత వందల టేపుల్ని చెరిపేశారు. వినేవాళ్ళు దొరికేలోగా వినాల్సిందే లేకుండా పోయింది. దాన్ని ఆమోదించలేని నిర్లక్ష్యంగా తర్వాత విమానం కేసు విచారించిన జడ్జి తప్పుబట్టారు. మనదేశపు భాషలు మాట్లాడే పోలీసులు సర్రీకి ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతకక్కర్లేదు.

2003 ఏప్రిల్. వాంకూవర్. కనిష్క కేసు కోసమే ప్రత్యేకంగా కట్టిన కోర్టు గది. నిందితులు రిపుదమన్ సింగ్ మాలిక్, అజాయబ్ సింగ్ బాగ్రీ. ప్రేక్షకుల వరసల్లో విమానంలో పోయినవాళ్ళ బంధువులు, ఒళ్ళో ఫొటోలు. ప్రాసిక్యూషన్ దగ్గర సౌత్‌హాల్ గది గురించి ఒక వాంగ్మూలం ఉంది. 1995 నాటిది. సంతకం పెట్టిన మనిషి లేడు. సాక్షి ఎదురుగా నిలబడి క్రాస్ ఎగ్జామినేషన్‌కి జవాబు చెప్పలేడు కాబట్టి ఆ మాట సాక్ష్యంగా నిలబడలేదు. హేయర్ చెప్పింది నిజమా, పొరపాటా, కోర్టు ఎన్నడూ తూచి చూడలేకపోయింది. తూచే అవకాశాన్ని గ్యారేజీలో తూటాలు లాగేసుకున్నాయి.

2005 మార్చి 16. జస్టిస్ ఇయాన్ జోసెఫ్‌సన్ తీర్పు చదివారు. మిగిలిన కీలక సాక్షుల మాట నమ్మదగ్గట్టుగా లేదన్నారు. ఇద్దరూ నిర్దోషులు. కోర్టు గదిలో ఏడుపులు వినబడ్డాయి. కనిష్క కేసులో శిక్ష పడినవాడు ఒక్కడే, బాంబు తయారీకి సాయం చేశానని ఒప్పుకున్న ఇందర్‌జీత్ సింగ్ రెయాత్.

తర్వాత మాజీ న్యాయమూర్తి జాన్ మేజర్ ఆధ్వర్యంలో విచారణ కమిషన్ కూర్చుంది. హేయర్ కొడుకు డేవ్ హేయర్ అప్పటికి సర్రీ నుంచి శాసనసభ్యుడు. ఆయనా వచ్చి తండ్రికి వచ్చిన బెదిరింపుల గురించీ, పనిచెయ్యని కెమెరా గురించీ చెప్పాడు. 2010 జూన్‌లో నివేదిక వచ్చింది. సాక్షిని కాపాడుకోవడంలో పోలీసులు విఫలమయ్యారని తేల్చింది. ప్రధాని స్టీఫెన్ హార్పర్ కనిష్క బాధిత కుటుంబాలకి క్షమాపణ చెప్పారు. హేయర్‌ని కాల్చిన చెయ్యి ఎవరిదో మాత్రం ఆ సంపుటాల్లో ఎక్కడా లేదు.

2022 జూలై 14, ఉదయం. మళ్ళీ సర్రీ. నిర్దోషిగా బయటికొచ్చిన మాలిక్‌ని తన వ్యాపార స్థలం బయటే కాల్చి చంపారు. కాసేపటికి దగ్గర్లోనే ఒక కారు తగలబడుతూ కనిపించింది. ఈసారి కేసు చల్లారలేదు. రెండు వారాల్లోపే ఇద్దరు దొరికారు. 2024లో నేరం ఒప్పుకున్నారు. డబ్బు తీసుకుని చేశామన్నారు. డబ్బిచ్చింది ఎవరో బయటపడలేదు. పాత ప్రశ్నే మళ్ళీ. కాల్చినవాడు దొరుకుతాడు, పంపినవాడు దొరకడు.

పోలీసులకి తెలియడం వేరు, కోర్టులో నిలబడటం వేరు. బ్రిటిష్ కొలంబియాలో పోలీసులు తమంతట తాము హత్య అభియోగం మోపలేరు. ప్రభుత్వ లాయర్లు ఫైలు చదివి, శిక్ష పడే అవకాశం గట్టిగా ఉందని ఒప్పుకుంటేనే కేసు కోర్టు గడప తొక్కుతుంది. ఇరవై ఏళ్ళుగా ఒక పేరు నాలుక చివరే ఉన్నా ఆ అధికారి దాన్ని బయటికి అనలేడు. కావలసింది కొత్త సాక్షి. బతికున్న సాక్షి.

కెనడాలో హత్య నేరానికి కాలదోషం లేదు. హేయర్ కేసు మూతపడలేదు, అరెస్టులూ లేవు. ఇవాళ సర్రీలో పంజాబీల పక్కిళ్ళలో తెలుగు కుటుంబాలు ఉంటున్నాయి. ఒకే ట్రక్కుల కంపెనీల్లో పనిచేస్తున్నారు, ఒకే గోడౌన్లలో రాత్రి డ్యూటీలు చేస్తున్నారు. 1998 నవంబరు గురించి ఎప్పుడైనా, ఎవరి నోటైనా ఒక మాట మీ చెవిన పడి ఉంటే, అది ఎంత చిన్నదైనా, ఆర్సీఎంపీకి ఫోన్ చెయ్యండి. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే క్రైమ్ స్టాపర్స్‌కి చెప్పండి. వాళ్ళు పేరు అడగరు.