36 కుర్చీలు, ఒక పెట్టె

విడదీసి అమ్మే సామాను అనగానే అందరికీ ఐకియానే గుర్తొస్తుంది. 1956లో గిల్లిస్ లండ్‌గ్రెన్ కారులో బల్ల పట్టక దాని కాళ్లు ఊడదీసిన కథా తెలిసిందే. కానీ దాదాపు వందేళ్ల ముందే, 1859లో, వియన్నాలో స్థిరపడ్డ జర్మన్ వడ్రంగి మైకేల్ తోనెట్ 14వ నంబరు కుర్చీ తెచ్చాడు. ఆవిరిపట్టి వంచిన బీచ్ కర్ర ముక్కలు 6, స్క్రూలు 10, నట్లు 2. అంతే! విప్పితే ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. కీలు వదులైతే మళ్లీ బిగించుకోవడమే.

ఇప్పటి అల్మారాలది వేరే సంగతి. పార్టికల్ బోర్డ్ అంటే చెక్కపొట్టును జిగురుతో అదిమిన పలక. స్క్రూ రెండుసార్లు విప్పి బిగిస్తే రంధ్రం పొడి రాలుతుంది. అందుకే క్యామ్ లాక్ వచ్చింది. అరచుట్టు తిప్పితే పలకల్ని దగ్గరికి లాగుతుంది. లాగడమే దాని పని. బరువు ఎక్కువగా మోసేవి పక్కనున్న చెక్క డోవెల్‌లు. వెనకవైపు పల్చటి పలకని "గోడవైపేగా" అని వదిలేస్తాం గానీ, అల్మారా పక్కకి ఒరగకుండా ఆపేది అదే. మూల నుంచి మూలకి రెండు కర్ణాలూ కొలిచి, సమానమయ్యాకే దానికి మేకులు కొట్టాలి.

డోవెల్‌కి జిగురు పూస్తే ఇంకా గట్టిపడుతుంది, నిజమే. ఇల్లు మారేటప్పుడు మాత్రం విప్పలేం. తోనెట్ కుర్చీకి ఈ బాధ లేదు.