మూడు మీటర్ల ఎత్తున

తెల్లవారుజాము మూడున్నర దాటింది. కాలిఫోర్నియాలోని పాసడీనా దగ్గర, కొండల అంచున ఉన్న జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో, ఒక గది గోడకు ఆనుకుని నిలబడ్డారు మీరు. తేదీ 2021 ఏప్రిల్ 19. కోవిడ్ రోజులు. కుర్చీకీ కుర్చీకీ మధ్య ఎడం, అందరి ముఖాలకూ మాస్కులు. ఎవరు పెదవి కొరుక్కుంటున్నారో తెలియదు, కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కళ్లన్నీ తెరల మీద ఉన్నాయి. తెరల మీద ఇంకా ఏమీ లేదు.

వీళ్లు ఎదురుచూస్తున్నది జరిగిపోయి మూడు గంటలు దాటింది. ఇంజెన్యుటీ అనే చిన్న హెలికాప్టర్ అంగారకుడి నేల మీంచి లేచిందో, లేచి బోర్లా పడిందో, అసలు కదలనే లేదో, ఏదైనా రాత్రి పన్నెండున్నరకే అయిపోయింది. కబురు మాత్రం ఇంకా అందలేదు. హెలికాప్టర్ నుంచి పర్సెవరెన్స్ రోవర్‌కు, రోవర్ నుంచి అంగారకుడి చుట్టూ తిరిగే నౌకకు, అక్కణ్నుంచి 27 కోట్ల కిలోమీటర్ల పైచిలుకు దూరం దాటి భూమికి రావాలి. ప్రాజెక్టు మేనేజర్ మీమీ ఆంగ్ దగ్గర కొన్ని కాగితాలున్నాయి. హెలికాప్టర్ ఎగరకపోతే ప్రపంచానికి చెప్పాల్సిన మాటలు వాటిలో రాసి ఉన్నాయి.

ఈ బృందంలో హోవర్డ్ గ్రిప్‌ను చీఫ్ పైలట్ అంటారు. కానీ నడపడానికి ఆయన చేతిలో ఏమీ లేదు. ఉన్నా అక్కరకు రాదు. ఇక్కణ్నుంచి వెళ్లే ఆజ్ఞ అంగారకుణ్ని చేరడానికే పావుగంట పైన పడుతుంది. ఎగరాల్సింది 39 సెకన్లు. అక్కడ గాలి తోస్తే ఏం చేయాలి, పక్కకు వాలితే ఎంత సర్దుకోవాలి అన్నవన్నీ ముందే చెప్పి, నేర్పి పంపించారు. ఇప్పుడు ఆ పైలట్ కూడా మీలాగే తెర వైపు చూస్తున్నాడు.

ముందే అంతా చెప్పి పంపడం అనే ఆలోచన ఎంత పాతదో చూడాలంటే ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌కు, 1918 అక్టోబరుకు రండి. ఐరోపాలో మొదటి ప్రపంచ యుద్ధం చివరి నెలల్లో ఉంది. పొలం లాంటి మైదానంలో రైలు పట్టాల్లా రెండు కమ్మీలు పరిచారు. వాటి మీద చిన్న బండి, బండి మీద ‘బగ్’ అని పిలిచే ఒక బుల్లి విమానం. దగ్గరికెళ్లి వేలితో తట్టి చూడండి. సగం చెక్క, సగం అట్ట. నాలుగు సిలిండర్ల ఇంజిన్ బడబడలాడుతోంది. కూర్చునే చోటే లేదు. లోపల 80 కిలోల బాంబుకు మాత్రం చోటు ఉంది. కార్లకు మీట నొక్కితే స్టార్టయ్యే యంత్రాన్ని తయారుచేసిన చార్లెస్ కెటరింగ్ దీని కర్త. దారి తప్పకుండా చూసే గైరోస్కోపు ఎల్మర్ స్పెర్రీది. సలహాదారు డేటన్ వాసే, ఆర్విల్ రైట్.

దాన్ని గురి పెట్టే పద్ధతి చూడండి. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, లక్ష్యం చేరేసరికి ప్రొపెల్లర్ ఎన్ని చుట్లు తిరగాలో కాగితం మీద లెక్కవేస్తారు. ఆ అంకెను యంత్రానికి అప్పజెబుతారు. అన్ని చుట్లూ పూర్తవగానే ఇంజిన్ ఆగిపోతుంది, రెక్కల బోల్టులు వాటంతటవే ఊడతాయి, మిగిలిన మొండెం బాంబుతో సహా కింద పడుతుంది. దానికి తెలిసిన లోకమంతా ఆ ఒక్క అంకె. గాలి మలుపు తిరిగిందని గానీ, కింద ఉన్నది శత్రువు స్థావరమా, రైతు ఇల్లా అని గానీ దానికి తెలియదు.

బండి పట్టాల మీద పరుగందుకుంది. బగ్ లేచింది. ఆ నెలలో జరిగిన ఒక పరీక్షలో అది చెప్పిన దారి వదిలేసి డేటన్ ఊరి మీద గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. కింద మనుషులు కార్లెక్కి, మెడలు రిక్కించి, దాని వెంట పడ్డారు. చివరికది పక్కనున్న జీనియా ఊరి దగ్గర కూలింది. శకలాల చుట్టూ చేరిన రైతులు పైలట్ కోసం పొదలన్నీ వెతికారట. విమానంలో మనిషే లేడన్న మాట వాళ్ల ఊహకు అందేది కాదు. అది రహస్యం గనక నిజం చెప్పేవాళ్లూ లేరు. కొద్ది వారాలకే యుద్ధం ముగిసింది. యాభై లోపు తయారైన ఆ బగ్గులు ఒక్కటీ యుద్ధభూమిని చూడలేదు. దానికి నాకు సంతోషమే.

తర్వాతి కథ చాలామటుకు మీకు తెలిసిందే. బ్రిటన్‌లో 1935లో ఫిరంగి దళాల గురి పరీక్షించుకోవడానికి క్వీన్ బీ అనే రేడియో విమానం వచ్చింది. ఆ తర్వాత గూఢచర్యం, క్షిపణులు. మనిషి లేని విమానమంటే మనిషిని చంపేదో, మనుషులు కాల్చి కూల్చేదో అన్నట్టే చాలా కాలం నడిచింది.

అందుకే నాకు మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ స్కూల్లో చదువుకున్న ఒక కుర్రాడి కథ ఇష్టం. పేరు బాబ్ బలరామ్. దక్షిణాదిన ఆయన పెరుగుతున్న రోజుల్లో బంధువు ఒకాయన నాసా గురించి వివరాలు పంపమని అమెరికా కాన్సులేట్‌కు ఉత్తరం రాస్తే, బొమ్మల పుస్తకాలతో ఉబ్బిన కవరు ఇంటికొచ్చింది. చంద్రుడి మీద మనిషి దిగిన సంగతి రేడియోలో విన్నాడు. మద్రాసు ఐఐటీ, అమెరికాలో డాక్టరేట్, ఆపైన పాసడీనా దగ్గరి ఆ జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలోనే ఉద్యోగం. అంగారకుడి మీద హెలికాప్టర్ ఎగరేద్దామని 1990ల చివర్లో ప్రతిపాదన రాశాడు. డబ్బు రాలేదు. కాగితాలు సుమారు పదిహేనేళ్లు అలమరలో పడి ఉన్నాయి.

వాటిని బయటికి తీశాక ఏమైందో చూడటానికి 2014లో ఆ ప్రయోగశాలలోని పెద్ద ఉక్కు గది కిటికీ దగ్గర నిలబడండి. 25 అడుగుల వెడల్పు, 85 అడుగుల ఎత్తు గల పీపా అది. లోపలి గాలి దాదాపు అంతా తోడేశారు. అంగారకుడి మీద వాతావరణ సాంద్రత మన గాలిలో నూరోవంతు. రెక్క ఊడ్చి కిందికి నెట్టడానికి గాలే లేనప్పుడు హెలికాప్టర్ దేన్ని ఆసరా చేసుకుని లేస్తుంది? చిన్న నమూనాను ఒకతను చేతి మీటతో లేపాడు. లేచింది, లేచీ లేవగానే తాగినవాడిలా తూలి అటూ ఇటూ ఎగిరిపడింది. అంత పలచటి గాలిలో రెక్కల ఊగిసలాటను అణిచే ఒత్తిడి ఉండదు. ఎంత చేయి తిరిగినవాడైనా దాన్ని పట్టి నిలపలేడు. సర్దుబాటు కంప్యూటరే చేసుకోవాలి, అదీ సెకనుకు వందల సార్లు. రెండేళ్లకు, 2016 మేలో, అదే పీపాలో మరో నమూనా తనంతట తాను లేచి, కుదురుగా నిలబడింది.

ఇప్పుడు మళ్లీ 2021 ఏప్రిల్ 19కి, అంగారకుడి మీద జెజెరో బిలానికి రండి. మధ్యాహ్నం పన్నెండు దాటి అర్ధగంట. అదే క్షణాన మదనపల్లెలో మధ్యాహ్నం ఒంటిగంట అవుతోంది. మీ కాళ్ల కింద ఎర్రమట్టి, గులకరాళ్లు. ఎదురుగా 1.8 కిలోల హెలికాప్టర్, పెట్టె లాంటి ఒంటికి పుల్లల్లాంటి నాలుగు కాళ్లు. సౌరఫలకం కింద, ఒక తీగకు చుట్టి, తపాలా బిళ్లంత పాత గుడ్డముక్క ఉంది. 1903లో కిట్టీ హాక్‌లో రైట్ సోదరులు ఆర్విల్, విల్బర్ ఎగరేసిన విమానం రెక్కది, డేటన్ మ్యూజియం ఇచ్చింది. దాదాపు 65 మీటర్ల దూరాన రోవర్ కెమెరా తిప్పి చూస్తోంది. నిజానికి ఇది ఎనిమిది రోజుల కిందటే ఎగరాలి. అంతకు రెండు రోజుల ముందు రెక్కలు జోరుగా తిప్పి చూస్తుంటే, లోపలి గడువు మించిందని దాని కాపలా గడియారం పరీక్షను మధ్యలో ఆపేసింది. దిద్దిన ఆజ్ఞలతో ఇవాళ మళ్లీ సిద్ధమైంది.

ఒకదాని మీద ఒకటి రెండు జతల రెక్కలు ఎదురెదురుగా కదిలాయి. మన ఇంట్లో సీలింగ్ ఫ్యాను నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లు తిరుగుతుంది. ఇవి 2,500 దాటాయి. మసక పళ్లెంలా మారాయి. కాళ్లు నేలను వదిలాయి. ఒక మీటరు, రెండు, మూడు. అక్కడే ఆగి, గాలిలో నిలబడి, మెల్లగా ఒక పక్కకు తిరిగింది. కింద దాని నీడ కూడా తిరిగింది. ఎవరూ పట్టుకోని ఆ నిలకడ చూస్తుంటే ఊపిరి తీయబుద్ధి కాదు. తర్వాత దిగింది. 39 సెకన్లు.

పాసడీనాలో 3:46 అయింది. తెర మీద ఒక గీత వచ్చింది. చదునుగా మొదలై, నిట్టనిలువుగా పైకి లేచి, కాసేపు పైన సాగి, మళ్లీ కిందికి దిగిన గీత. అది ఎత్తు లెక్క. గ్రిప్ గొంతు ఆ అంకెలు చదువుతోంది. ఇంతలో నలుపు తెలుపుల ఫోటో ఒకటి విచ్చుకుంది. నేల మీద నాలుగు కాళ్ల నీడ, దాని పైన రెక్కల నీడ. గది ఒక్కసారిగా అరిచింది. చేతులు పైకెత్తినవాళ్లు కొందరు, మాస్కు వెనక ఏడ్చినవాళ్లు కొందరు. మీమీ ఆంగ్ తన చేతిలోని కాగితాలను చింపేశారు.

అయిదుసార్లు ఎగిరితే చాలనుకున్నది 72 సార్లు ఎగిరింది. చివరిసారి, 2024 జనవరి 18న, ఆనవాళ్లు లేని ఇసుక మీద ఎగురుతుండగా దాని కెమెరాకు పట్టుకోవడానికి ఒక రాయి కూడా దొరకలేదు. దిగడంలో రెక్కలు విరిగాయి. రోవర్ ముందుకెళ్లిపోతే మాట అందదు కనుక, ఏప్రిల్‌లో బృందం చివరి ఆజ్ఞలు పంపింది. రోజూ సూర్యుడు ఎక్కాక మేలుకోవాలి, బ్యాటరీ చూసుకోవాలి, ఉష్ణోగ్రత రాసుకోవాలి, ముందున్న నేలను ఒక ఫోటో తీసుకోవాలి. సుమారు ఇరవై ఏళ్ల ఫోటోలకు దాని మెమరీలో చోటుంది. అవి కావాలంటే ఆ ఇసుకలోకి ఎవరో ఒకరు వెళ్లి తెచ్చుకోవాల్సిందే.