గాలంలా వంగిన తీరం

శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న హాఫ్ మూన్ బే పేరులో అర్ధచంద్రుడున్నాడు గానీ, పటంలో చూస్తే ఆ తీరం చేపల గాలంలా కనిపిస్తుంది. ఉత్తరాన పిల్లర్ పాయింట్ అనే రాతి కొమ్ము వెనుక ఒడ్డు బిగువుగా వంగుతుంది. దక్షిణానికి పోయేకొద్దీ ఆ వంపు సడలి దాదాపు సరళరేఖ అవుతుంది.

ఈ రూపానికి కారణం అలలు వచ్చే దిక్కు. ఇక్కడి పెద్ద అలలు ఎక్కువగా వాయవ్యం నుంచి వస్తాయి. కొమ్మును దాటగానే అవి దాని చాటుకు విస్తరిస్తూ బలం కోల్పోతాయి. లోతు తగ్గినచోట వేగం తగ్గి ఒడ్డువైపు వంగుతాయి. ఏటవాలుగా తాకే అల ఇసుకను ఏటవాలుగానే ఎగదోస్తుంది. వెనుదిరిగే నీరు మాత్రం దాన్ని వాలు వెంట నేరుగా కిందికి లాగుతుంది. ఇలా ఒక్కో అలకు కొంచెం చొప్పున ఇసుక రేణువు తీరం వెంట ప్రయాణిస్తుంది. ఒడ్డు అరిగి అరిగి, ప్రతిచోటా అల వరుసకు సమాంతరంగా ఒదిగిననాడు ఆ ప్రయాణం దాదాపు ఆగిపోతుంది.

ఈ వంపును గణితంలో పట్టుకునే ప్రయత్నం కూడా హాఫ్ మూన్ బే దగ్గరే మొదలైంది. నత్తగుల్లలో కనిపించే లాగరిథమిక్ సర్పిలంతో దీనికున్న పోలికను 1944లో భూగర్భశాస్త్రవేత్త విలియం క్రంబైన్ గుర్తించాడు. 1965లో వారెన్ యాసో దీనితో పాటు న్యూజెర్సీలోని శాండీ హుక్ వంటి చోట్ల తీరాలను కొలిచి, ఆ సర్పిలం చక్కగా సరిపోతోందని చూపాడు. అయితే సరిపోవడం వేరు, కారణం చెప్పడం వేరు. అలలకూ ఇసుకకూ మధ్య కుదిరే సమతౌల్యంగా ఈ వంపును చూడాలని 1960లోనే రిచర్డ్ సిల్వెస్టర్ వాదించాడు. ఆ దారిలోనే 1989లో హ్సూ, ఎవాన్స్ అలల దిశను లెక్కలోకి తెచ్చే పరావలయ సూత్రం ఇచ్చారు. ఇంజనీర్లకు ఎక్కువగా అక్కరకొచ్చింది ఇదే.

యాసో వ్యాసం వెలువడేనాటికే ఇక్కడి తీరం మారడం మొదలైంది. చేపల పడవల రక్షణకోసం 1959-61 మధ్య పిల్లర్ పాయింట్ దగ్గర అలలను అడ్డుకునే రాతి గోడలు కట్టారు. అలల లెక్కలో కొమ్ము జరిగింది; సముద్రం కొత్త కొమ్ము నుంచి కొత్త వంపు గీయడం ఆరంభించింది. రేవుకు ఆనుకొని దక్షిణాన ఉన్న సర్ఫర్స్ బీచ్ వేగంగా కోసుకుపోయింది. అక్కడ ఒకటో నంబరు హైవేను కాపాడటానికి బండరాళ్లు పేర్చవలసి వచ్చింది.

విశాఖపట్నం ఎరిగినవారికి ఇది కొత్త కథ కాదు. 1933లో రేవు తెరిచాక, దక్షిణం నుంచి ఉత్తరానికి సాగే ఇసుకకు అడ్డుపడింది. దాన్ని తవ్వి ఉత్తరపు ఒడ్డున పోయడం రేవు నిర్వహణలో భాగమైపోయింది. హాఫ్ మూన్ బేలోనూ తూర్పు గోడకు లోపలి పక్క ఇసుక మేట, వెలుపలి పక్క ఇసుక కరువు. లోపలిది తవ్వి బయట పోద్దామన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి చర్చల్లో నలిగింది. ఈలోగా రోడ్డు పక్కన బండరాళ్లు పెరుగుతూ వచ్చాయి.