సౌడు మోసిన తాత, కారే స్లాబు (వాడ చరిత్ర - 9)

పోయిన శుక్రవారం రాత్రి పదిన్నరకు మా సెకండియర్ అమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, సర్టిఫికెట్లు తడిసిపోయినాయి." హాస్టల్లో మంచం కింద పెట్టుకున్న రేకు పెట్టె. పైనుంచి కారిన నీళ్లు గదిలో నిలిచి, తుప్పుపట్టిన పెట్టె అడుగు నుంచి లోపలికి పోయాయి. స్టడీ సర్టిఫికెట్ మీద సంతకం అలుక్కుపోయింది. "నిరుడు కూడా ఇదే రూం మేడం. ముందటేడు కూడా ఇదేనంట."

తెల్లారి వెళ్లి చూశాను. నేను డిగ్రీ చదివిందీ ఇలాంటి హాస్టల్లోనే. వాన మొదలైతే ఎవరి మంచం ఎటు జరపాలో చెప్పకుండానే తెలిసేది మాకు. అర్జీ రాసిపెట్టమని పిల్లలు అడిగారు. రాద్దామని కూర్చుంటే మా తాత గుర్తొచ్చాడు.

మాది రాయలసీమ. ఇక్కడ పాత ఊళ్లలో ఆసాముల ఇళ్లు మట్టి మిద్దెలు. రాతి గోడలు, దూలాలు, దంతెలు, వాటి మీద కట్టెలు, ఆపైన మందంగా మట్టి. మట్టి కప్పు వానకు ఎట్లా ఆగుతుందని కోస్తా మిత్రులు అడుగుతుంటారు. ఆపేది సౌడు. పంటకు పనికిరాని ఆ చౌడు నేల మట్టిలో సోడియం ఉప్పులుంటాయి. తడిస్తే మట్టి రేణువులు విడిపోయి, ఉబ్బి, సందులన్నీ పూడ్చేస్తాయి. నీరు కిందికి దిగదు. ఏ పాఠ్యపుస్తకమూ చెప్పని ఇంజనీరింగ్ ఇది. కానీ ఒకసారి పరిస్తే జీవితాంతం ఉండదు. గాలికి, ఎండకు పోతుంది. ఏటా వానలకు ముందు మళ్లీ తవ్వి తెచ్చి, మిద్దెక్కి పరచాలి, వాలు సరిచెయ్యాలి, నీళ్లు పోయే దారి శుభ్రం చెయ్యాలి.

మా తాత ఒక ఆసామి దగ్గర జీతానికి ఉండేవాడు. ఏటా ఆ మిద్దెకు సౌడు మోసింది ఆయనే. ఎక్కడి సౌడు మంచిదో నాలుక మీద వేసుకుని చెప్పేవాడని మా జేజి అనేది. సాయంత్రం దిగి వచ్చి పడుకునేది మాత్రం బోదకొట్టంలో. వాన ఆపే విద్య చేతిలో ఉన్న మనిషి కప్పే కారేది.

డబ్బు లేకనే కదా అంటారు. డబ్బు ఒక్కటే కాదు. అంటరానివాళ్లు చేస్తే హిందూ గ్రామం నేరంగా చూసే పనులను అంబేడ్కర్ ఒకచోట వరసగా రాశారు. పెంకుల కప్పుతో ఇల్లు కట్టుకోవడం అందులో ఒకటి. ఆయన బతికుండగా అచ్చుకాని ఆ రచన 1989లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన ఐదో సంపుటంలో ఉంది. విద్యార్థి మిత్రులు తప్పకుండా చదవండి. మన తలమీద ఏముండాలో కూడా ఊరే నిర్ణయించింది. గడ్డి కప్పు కారడమే కాదు, అంటుకుంటుంది కూడా. 1968 డిసెంబర్ 25న తంజావూరు జిల్లా కీలవెణ్మణిలో కూలి పెంచమన్న దళితుల గుడిసెలు తగలబెట్టారు. ఒక్క గుడిసెలో తలదాచుకున్న 44 మంది కాలిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలూ.

అందుకే మా అమ్మ తరానికి స్లాబు అంటే వట్టి సిమెంటు కాదు. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వచ్చింది. 1983 తర్వాత పక్కా ఇల్లు ఎన్నికల మాటైంది. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన మొదట్లో ఎస్సీ, ఎస్టీలకూ, వెట్టి నుంచి విడుదలైన కూలీలకూ ఉద్దేశించింది. మా కాలనీలో స్లాబు వేసిన రోజు జేజి కింద నిలబడి పైకే చూస్తూ ఉందట. ఆ సంతోషాన్ని నేను తక్కువ చెయ్యను.

కానీ ప్రభుత్వ లెక్క ఎప్పుడూ "కట్టినవి ఎన్ని" అనే. కట్టినదాన్ని ఏటా ఎవరు చూస్తారన్నది ఆ లెక్కలో లేదు. ఆసామి మిద్దె ఆగింది మా తాత ఏటా ఎక్కినందుకు. మా స్లాబు ఎక్కేవాళ్లెవరు?

స్లాబు కారడంలో మాయ ఏమీ లేదు. తూము మూసుకుపోతుంది, వాలు సరిగా ఉండదు, నీళ్లు నిలుస్తాయి. సన్నటి పగుళ్ల గుండా ఇనుప చువ్వలదాకా దిగుతాయి. తుప్పు ఇనుముకంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది, కాంక్రీటును కిందికి తోస్తుంది. పెచ్చులు రాలేది అందుకే. మనవాళ్లు చేసే మరమ్మతు ఏమిటి? పెచ్చు రాలినచోట కిందినుంచి సిమెంటు మెత్తి సున్నం కొట్టడం. తనిఖీకి వచ్చినాయనకు తెల్లగా కనిపిస్తుంది. నీళ్లు మాత్రం పైనే ఉన్నాయి. ఇది తెలియక చేసే పని అని నేననుకోను. కింద కొట్టిన సున్నానికి ఫొటో ఉంటుంది, పైన సరిచేసిన వాలుకు ఎవరూ ఫొటో తియ్యరు.

కాబట్టి "కారుతోంది, బాగుచేయండి" అని అర్జీ రాయొద్దన్నాను పిల్లలతో. అట్లా రాస్తే మళ్లీ సున్నమే వస్తుంది. కప్పు పైన వాలు సరిచేసి, నీరు దిగని పొర వెయ్యమని, తుప్పుపట్టిన చువ్వలు తేల్చి బాగుచెయ్యమని, పని అయ్యాక మీద నీళ్లు నిలబెట్టి మా ముందే పరీక్షించమని రాశాం. దాంతోపాటు సమాచార హక్కు చట్టం కింద ఇంకో దరఖాస్తు: గత ఐదేళ్లలో ఈ భవనం మరమ్మతుల ఎస్టిమేట్లు, ఎం-బుక్ నకళ్లు ఇవ్వండి అని. ఏ పనికి ఎంత కొలిచారో ఎం-బుక్‌లో ఉంటుంది. 30 రోజుల్లో జవాబు రావాలి. మీ హాస్టల్లో కూడా వెయ్యండి.

ఆదివారం నలుగురు అమ్మాయిలు పైకెక్కారు. నేనూ ఎక్కాను. తూములోంచి గంపెడు వేపాకు, ఒక హవాయి చెప్పు వచ్చాయి. మడమ లోతు నీళ్లు ఒక్కసారిగా దూకాయి. చివర్లో కొంచెం నీళ్లు మాత్రం తూము వైపు రాకుండా నడిమధ్యనే నిలిచిపోయాయి. సరిగ్గా ఆ గది మీద. ఫొటో తీసి అర్జీకి జతచేశాం.

సోమవారం ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఆ అమ్మాయి పెట్టె ఇప్పుడు మా ఇంట్లో ఉంది.