గ్రామోద్యోగుల నియామకములు: ఖాయపఱచిన విధము

అత్తిలి ప్రాంతమున మన సంఘీయులలో పెక్కు కుటుంబములవారు తమ పూర్వులు కరణములనియు, మునసబులనియు చెప్పికొనుచుందురు. ఆ మాట నిజమైనను కావచ్చును. కాని ఇంటికథకును, సర్కారువారు ఖాయపఱచిన నియామకమునకును భేదము గలదు. సంఘచరిత్ర వ్రాయబూనినప్పు డీ భేదమును విడువరాదని మా యభిప్రాయము.

1802వ సంవత్సరపు 29వ రెగ్యులేషను ననుసరించి జమీందారీలలో ఖాళీపడిన కరణీకమునకు మనుష్యుని నిర్ణయించువాడు జమీందారు. అయినను పూర్వపు కరణము వారసులు అసమర్థులైనప్పుడే అతడు పరులను వేయవలెను. నియుక్తుడైన కరణమును న్యాయస్థానపు తీర్పు లేక తొలగించుట కతనికి హక్కు లేదు. ఇది మిక్కిలి వివేకముగల నిబంధన. లెక్కలు వ్రాయువాడు జమీందారు దయకు లోబడియున్నచో రైతునకు దిక్కెవరు?

రైతువారీ గ్రామములకు 1895వ సంవత్సరపు మద్రాసు 3వ చట్టము వచ్చినది. ఉద్యోగము జ్యేష్ఠత్వక్రమమున ఒక్క వారసునకే చెందును. అతనికి నిర్ణీతార్హత లుండవలెను. వారసుడు మైనరైనచో అతని పేరు రిజిస్టరుచేసి, పనికి మఱియొకని నియమించెడివారు. పరిశోధకులు తికమకపడునది ఇచ్చటనే. ఏండ్లతరబడి శిస్తు వసూలుచేసి, దస్త్రము మోసిన పినతండ్రి తాత్కాలికుడు; పలక పట్టి బడికిబోవు బాలుడు హక్కుదారు! ఊరివారి నోట నొకపేరును, కాగితమున మఱియొకపేరును ఉండుట కిదియొక హేతువు. ఈ తగవులు సివిలుకోర్టులకు పోవు. కలెక్టరు నెదుటనే దావా వేయవలెను. కావున వెదుకవలసినవి రెవిన్యూ దస్త్రములే.

ఆ దస్త్రముల జాడయు చిక్కైనదే. అత్తిలి చేరియున్న తణుకు తాలూకా 1904 వఱకు గోదావరి జిల్లాలోను, పిమ్మట కృష్ణా జిల్లాలోను, 1925 మొదలు ఏలూరు ముఖ్యపట్టణముగాగల పశ్చిమగోదావరిలోను నుండెను. ఉత్తరువు తేదీ తెలియనిదే ఏ జిల్లా కాగితములు చూడవలయునో తేలదు.

వంశమే అర్హతయగుట పలువురకు తలుపు మూసినమాట మనము దాచరాదు. గుంటూరు జిల్లాకు చెందిన గాజుల దశరథరామారావు వ్యాజ్యెమున సుప్రీముకోర్టు 1960 డిసెంబరులో, క్రొత్తగా ఏర్పడిన గ్రామములకు పాతయుద్యోగుల వంశీయులనే ఏఱుకొనుమను 6వ సెక్షను నిబంధన రాజ్యాంగపు 16వ అధికరణమునకు విరుద్ధమని కొట్టివేసెను. 1984 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వ మా యుద్యోగములనే రద్దుచేసెను.

సంఘపు పట్టికలో ఖాయమైనవారిని, తాత్కాలికులను వేర్వేఱుగా చూపవలయునని కోరుచున్నాము. తాత్కాలికుల పేర్లు మాత్రము విడువరాదు. ఊరిపని చేసినవారు వారే. పాత నియామకపు టుత్తరువు లెవరియింటనైన నున్నచో, చెదలు పట్టకమునుపే నకలు తీయించి కార్యదర్శిగారికి పంపుడు.